పది గ్రాముల సిలికాన్ గ్రీజు, నాలుగు టార్చిలైట్లు, పద్నాలుగు నెలలు

ముందే చెప్పేస్తున్నా, ఇది టార్చిలైటు రివ్యూ కాదు. టార్చి మరలకీ, వాటి దగ్గరుండే రబ్బరు రింగులకీ రాసే గ్రీజు రివ్యూ. ఆన్‌లైన్‌లో ₹240 పెట్టి పది గ్రాముల చిన్న డబ్బా కొన్నా. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే సరుకు బావుంది గానీ డబ్బా మూతని మాత్రం కింద తిట్టబోతున్నా.

అసలు కథ రెండేళ్ల కిందట సింహాచలం గిరి ప్రదక్షిణలో మొదలైంది. 32 కిలోమీటర్ల నడక, రాత్రంతా జనం, సన్నగా వాన. అడవివరం దాటి ముడసర్లోవ వైపు వస్తుంటే నా చేతిలో ఉన్న టార్చి మినుకు మినుకుమనడం మొదలెట్టింది. లో (తక్కువ వెలుగు) మీద పెడితే బాగానే వెలుగుతోంది, హై (ఎక్కువ వెలుగు) మీద పెడితే రెండు సెకన్లు వెలిగి తగ్గిపోతోంది, అరచేత్తో తడితే మళ్లీ వస్తోంది, నాలుగడుగులేస్తే మళ్లీ పోతోంది. మా బావమరిది "బ్యాటరీ పోయింది బావా, పారేయ్" అన్నాడు. నేనూ అదే అనుకుని మర్నాడే కొత్త 18650 రకం లిథియం సెల్లు కొన్నా. పెట్టి చూస్తే అదే మినుకు. అప్పుడు గానీ వెనక మూత విప్పి మరలకేసి చూడాలని తట్టలేదు. విప్పుతుంటే కరకరమని చప్పుడు, లోపల నల్లటి మడ్డి, అందులో ఇసుక. ఆ ఇసుక ఎక్కడిదో కూడా గుర్తొచ్చింది. దానికి ముందు ఏడాది ప్రదక్షిణలో అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానానికి దిగుతూ టార్చిని బట్టలతో పాటు ఇసుకలో పెట్టా. ఇంటికొచ్చాక పైపైన తుడిచి బీరువాలో పడేశా. ఏడాది పాటు ఆ ఇసుకా ఉప్పూ లోపలే కాపురం ఉన్నాయన్నమాట.

చాలామందికి తెలియనిది, నాకూ తెలియనిది ఏంటంటే, ఇప్పుడొచ్చే అల్యూమినియం టార్చిల్లో చాలావాటికి వెనక స్విచ్చి నుంచి ముందు బల్బు దాకా విడిగా వైరంటూ ఉండదు. టార్చి గొట్టమే వైరు. సెల్లు వెనక వైపు నుంచి కరెంటు స్ప్రింగులోకి, స్విచ్చిలోకి, వెనక మూతలోకి, అక్కడి నుంచి గొట్టం అంచులోకి ఎక్కి ముందుకి పోతుంది. ఆ అంచు దగ్గర మడ్డి చేరితే కరెంటుకి దారి ఇరుకవుతుంది. లో మీద కొద్ది కరెంటే కాబట్టి ఎలాగో పోతుంది, హై పెట్టగానే చాలదు. నా కొత్త సెల్లు డబ్బులు అలా పోయాయి, పాత సెల్లు ఇప్పటికీ బాగానే పని చేస్తోంది.

మా ఇల్లు పెదవాల్తేరులో. సముద్రం గాలికి గేటు గడియలు, సైకిలు చెయిన్లు, ఏసీ బయటి పెట్టె, ఏదీ మిగలదని వైజాగు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. టార్చికీ అంతే. ఉప్పు గాల్లోని తేమని పీల్చుకుని అక్కడే కూర్చుంటుంది, అల్యూమినియం పక్కన ఇత్తడి స్ప్రింగో నికెల్ పూతో ఉంటే తడి ఉప్పు సాయంతో అల్యూమినియాన్ని తినేస్తుంది, తెల్లటి పిండిలా రాలుతుంది. ఇక ఇసుక సంగతి. భీమిలి వైపు తీరంలో నల్ల చారలు, ఎర్ర చారలు చూసే ఉంటారు, నలుపు ఇల్మనైట్, ఎరుపు గార్నెట్. గార్నెట్‌ని గరుకు కాగితం మీద అంటించి చెక్కని అరగదీస్తారు. అలాంటి గింజలు నాలుగు మర మధ్యలో పడితే, మనం మూత తిప్పిన ప్రతిసారీ ఆ గరుకు కాగితం పని మన చేత్తో మనమే చేస్తున్నట్టు. ఊళ్లో టార్చి అక్కర్లేదనుకునేవాళ్లకి ఒకటే చెప్తా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నవాళ్లం, మా ఇంట్లో అప్పటి నుంచి గదికొక టార్చి ఉంటుంది.

గ్రీజు కొనే ముందు ఇంట్లో ఉన్నవన్నీ ప్రయత్నించానని ఒప్పుకుంటున్నా. మొదట కొబ్బరినూనె, అమ్మ సలహా. కుట్టుమిషను నుంచి తలుపు బందుల దాకా మా ఇంట్లో అన్నిటికీ అదే మందు. రాసిన వారం బ్రహ్మాండం. తర్వాత డిసెంబరులో అరకు వెళ్తే తెల్లారుజామున మూత తిరగదు. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డ కడుతుంది, అరకు చలి గురించి చెప్పేదేముంది. పైగా కొన్నాళ్లకి ముక్క వాసన, జిగురు. తర్వాత వాజిలైను. నల్ల రింగులు ఎక్కువగా నైట్రైల్ రబ్బరు కాబట్టి వాటికి పెద్ద నష్టం లేదు గానీ, మామూలు రబ్బరైతే పెట్రోలియం సరుకు తగిలి ఉబ్బిపోతుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన టార్చిలోంచి అది కరిగి కారి సెల్లు మీదకి చేరింది. ఇక తుప్పు వదిలించే స్ప్రే. అది తేమని తరిమి, బిగుసుకున్న మరని వదిలించడానికి పనికొస్తుంది, నాలుగు రోజులకి ఆరిపోతుంది. దాన్ని గ్రీజు అనుకుని వాడేవాళ్లు నా చుట్టూ చాలామంది ఉన్నారు, వాళ్లతో వాదించడం మానేశా.

ఇప్పుడు ఈ సిలికాన్ గ్రీజు. చూడ్డానికి పేరుకున్న నెయ్యిలా, కాస్త పారదర్శకంగా ఉంటుంది. వాసన లేదు. మా వీధిలోకి పెదజాలరిపేట నుంచి చేపలు తెచ్చే అమ్మ, నేను అరుగు మీద కూర్చుని రాస్తుంటే చూసి "ఏటి బాబూ, లైటుకి నెయ్యి రాస్తన్నావేటి?" అని నవ్వింది. వాళ్లాయన బోటు మీదకి తీసుకెళ్లే టార్చిని పాలిథిన్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేసేస్తాడట. ఆలోచిస్తే నా ₹240 కన్నా అదే చవక, అదే గట్టి పని.

డబ్బా మీద "ధారాళంగా రాయండి" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసుంది. నమ్మకండి. మొదటిసారి అలాగే రాసి, మూత బిగిస్తే గ్రీజు మొత్తం అంచు మీదకి నొక్కుకొచ్చి టార్చి అసలు వెలగనే లేదు. సిలికాన్ గ్రీజులోంచి కరెంటు పోదు. మరల మధ్య పల్చటి పొరగా ఉన్నప్పుడు బిగింపుకి పక్కకి జరిగి లోహం లోహాన్ని తాకుతుంది, అంచు మీద ముద్దగా ఉంటే మాత్రం అడ్డం కూర్చుంటుంది. రింగుకి బియ్యపు గింజంత, మరలకి ఇంకో గింజంత, అంతే. రింగు తడిసినట్టు నిగనిగలాడాలి, ముద్దలు కనపడకూడదు. ఎక్కువైన గ్రీజు ఇసుకని పట్టే జిగురు బోను, అది మన బీచిలో అస్సలు వద్దు.

కానీ నా అనుభవంలో గ్రీజు రాయడం రెండు నిమిషాల పని, అసలు పని అంతకు ముందు తుడవడం. మడ్డి మీదే కొత్త గ్రీజు రాసేవాళ్లు ఇసుకకి నూనె పోసి రుబ్బుతున్నట్టే. నేను చేసేది ఇలా. ముందు సెల్లు బయటికి తీసేస్తా, అది లోపలుండగా ఏ పనీ వద్దు. పాత నూలు బనీను ముక్కని మర గాడిలో పెట్టి మూత తిప్పినట్టే చుట్టూ తిప్పుతా, మొదటి గుడ్డ నల్లగా వస్తుంది, నాలుగో గుడ్డకి తెల్లగా వస్తే చాలు. లోపలి మరలకి పాత టూత్ బ్రష్షు. పట్టిన మడ్డికి మొబైలు రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు గుడ్డ మీద. శానిటైజరు ఉంది కదా అని అది పోయకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక జిగురు మిగులుతుంది. గొట్టం అంచూ, మూత లోపల అది ఆనే చోటూ ఆల్కహాల్‌తో తళతళలాడేలా తుడిచి, ఇక దానికి గ్రీజు వేలు తగలనివ్వను. నా టార్చి మినుకు ఆ ఒక్క తుడుపుకే పోయింది, గ్రీజు ఇంకా రాయకముందే.

రబ్బరు రింగుని సూదితో, కత్తి మొనతో తీయకండి, నేను తీశా, చిన్న గాటు పడింది, ఆ గాటులోంచే నీళ్లు దూరతాయి. రెండు వేళ్లతో రింగుని ఒక పక్కకి నొక్కితే రెండో పక్క ఉంగరంలా పైకి లేస్తుంది, అక్కడ పాత ఏటీఎం కార్డు మూల దూర్చి లేపడమే. రింగుకి ఆల్కహాల్ అక్కర్లేదు, సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టి, కొద్దిగా లాగి చూడాలి. పగుళ్లున్నా, ఒక పక్క చదునుగా అణిగిపోయినా ఎంత గ్రీజు రాసినా లాభం లేదు. నీళ్లని ఆపేది నొక్కుడు పడ్డ రబ్బరు, గ్రీజు కాదు. గ్రీజు చేసేది ఆ రబ్బరు మెలిపడకుండా, మరలో నలగకుండా, ఎండి పెళుసెక్కకుండా చూడటం. ఇంకో మాట, రంగు రింగులు కొన్ని సిలికాన్ రబ్బరువి ఉంటాయి, వాటికి ఈ సిలికాన్ గ్రీజే పడదు, రబ్బరు ఉబ్బుతుంది. రంగు చూసి నూటికి నూరు పాళ్లూ చెప్పలేం, టార్చి కాగితంలో రాసి ఉంటే చూసుకోండి.

గాటు పడ్డ రింగు కోసం గాజువాక ఆటోనగర్ వెళ్లా. హైడ్రాలిక్ సీళ్లు అమ్మే చిన్న కొట్టు. పాత రింగు చేతిలో పెడితే కౌంటరు దగ్గరి పెద్దాయన దాన్ని వేలికి తొడిగి చూసి, "ఏ బండిదండీ ఇది?" అన్నారు. టార్చిది అంటే ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, వెర్నియర్ తీసి లోపలి వ్యాసం, తీగ మందం కొలిచి, నైట్రైల్‌లో అదే సైజు ఐదు తెచ్చి ₹50 అన్నారు. "ఒక్కటి అమ్మితే నాకు చిల్లర కూడా రాదు బాబూ, ఐదు తీసుకెళ్లండి." తీసుకున్నా. పాత రింగు పట్టుకెళ్లకుండా మాత్రం వెళ్లకండి, తీగ మందంలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా మూత బిగియదు, లేకపోతే వదులైపోతుంది.

కొత్త రింగు, కొత్త గ్రీజు వేశాక బకెట్టు పరీక్ష. సెల్లు పెట్టకుండా లోపల టిష్యూ కాగితం చుట్టి పెట్టి, మూత బిగించి, బకెట్టు నీళ్లలో అరగంట. బయటికి తీసి ముందు పైన పూర్తిగా తుడిచి తర్వాత విప్పాలి, లేదంటే మర మీది చుక్కే లోపల పడి కంగారు పెడుతుంది. నా నాలుగింటిలో మూడింట్లో కాగితం పొడిగా వచ్చింది. నాలుగోది మా అమ్మాయి సైకిలుకి కట్టే చవక టార్చి, దాని స్విచ్చి మీది రబ్బరు టోపీయే చిరిగింది, దానికి ఈ గ్రీజు ఏం చేస్తుంది. పరీక్ష గెలిచింది కదా అని సముద్రంలో ముంచకండి, టార్చి మీద ఐపీఎక్స్ 7 అని ఉంటే దానర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట, అదీ మంచినీళ్లలో.

ఇంకో చిన్న లాభం. మర మీద కూడా రంగు పూత ఉన్న టార్చిల్లో చాలావాటికి వెనక మూతని పావు చుట్టు వదులు చేస్తే కరెంటు ఆగిపోతుంది, సంచిలో దానంతటది వెలిగి సెల్లు అయిపోదు. మర తళతళా వెండిలా మెరుస్తుంటే ఈ చిట్కా పని చెయ్యదు. మడ్డి పట్టి ఉన్నప్పుడు ఆ పావు చుట్టు తిప్పడమే ఒక యుద్ధం, ఇప్పుడు బొటనవేలితో తిరుగుతోంది.

ఇక తిట్లు. మూత సరిగ్గా బిగియదు. మరల గ్రీజు అమ్మేవాడి డబ్బాకే మర సరిగ్గా లేదు, ఏం చెప్పాలి. వేసవిలో సొరుగులో పడుకోబెడితే అంచుల చుట్టూ నూనె ఊరి, పక్కనున్న నా కళ్లజోడు పెట్టెకి అంటింది. సిలికాన్ ఒకసారి అద్దానికి అంటితే తుడిచే కొద్దీ పరుచుకుంటుంది తప్ప వదలదు, గిన్నెల సబ్బుతో మూడుసార్లు కడిగితే గానీ నాకు లోకం కనపడలేదు. రాసిన చేత్తో కళ్లజోడూ, టార్చి ముందు అద్దమూ ముట్టుకోకండి. డబ్బాతో పాటు ఇచ్చిన బుల్లి బ్రష్షు రెండో రోజే వెంట్రుకలు రాల్చింది, ఒక వెంట్రుక రింగు కింద చిక్కితే అదే నీటికి దారి, కాబట్టి వేలే మేలు. పదిలో ఇంకా ఏడు గ్రాములు ఉన్నట్టుంది, నాలుగు టార్చిలకి మూడు నెలలకోసారి రాసినా. డబ్బా మీద ఫుడ్ గ్రేడ్ అని ఉంది కాబట్టి వంటింటి నీళ్ల ఫిల్టరు గిన్నె రింగుకి కూడా కాస్త రాశా, దాన్ని విప్పడానికి ఇప్పుడు ప్లంబరు అక్కర్లేదు. అలా రాసి లేకపోతే మీ డబ్బాని తాగే నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి.

ఈ ఏడాది ప్రదక్షిణలో అదే టార్చి, అదే పాత సెల్లు, ముడసర్లోవ దగ్గర అదే వాన. హై మీద పెట్టి నడిచా, వెలుగు కదల్లేదు. అప్పూఘర్ దగ్గర స్నానానికి దిగేటప్పుడు మాత్రం టార్చిని పాలిథిన్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేశా. గ్రీజుకి ఐదుకి నాలుగున్నర, మూతకి సున్నా, కలిపి నాలుగు ఇస్తున్నా.