గోల్డ్ కార్డు ఉంది, పాయింట్లే పడట్లేదు: ఒక ఎయిర్‌లైన్ లాయల్టీ పథకం మీద నా సమీక్ష

లాయల్టీ పథకం అంటే, ఒకే కంపెనీ విమానాలు ఎక్కుతూ ఉంటే వాళ్ళు పాయింట్లు (పాత పేరు మైళ్ళు) వేస్తారు, అవి కూడితే ఉచిత టికెట్ ఇస్తారు, బాగా ఎక్కేవాళ్ళకి గోల్డ్ లాంటి మెట్టు ఇచ్చి అదనపు సౌకర్యాలు చూస్తారు. ముందే చెప్తున్నా, ఎయిర్‌లైన్ పేరు రాయను. నా పాయింట్లు కొన్ని ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి, పైగా పాయింట్ల రూల్స్ మార్చడం ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నదే కాబట్టి ఒక్కళ్ళనే తిట్టి లాభం లేదు. హైదరాబాద్‌లో ఎక్కించుకుని, మధ్యలో వాళ్ళ ఊళ్ళో దించి, ఇంకో విమానంలో యూరప్ చేర్చే విదేశీ కంపెనీ అనుకోండి, చాలు. మాది నర్సాపురం, లేసు ఎగుమతి పని. జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగే హైమ్‌టెక్స్‌టిల్ ప్రదర్శనకీ, మధ్యమధ్యలో సరుకు కొనే పార్టీలు పిలిచినప్పుడల్లా వేరే ఊళ్ళకీ వెళ్తుంటాను. టికెట్ డబ్బు నాదే. కంపెనీ కడుతుంది కదా అనుకోవడానికి ఆ కంపెనీ కూడా నేనే. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి, ఎందుకంటే కొత్త రూల్స్ బాగున్నాయా లేదా అన్నది టికెట్ ఎవరు కొంటున్నారన్న దాన్ని బట్టే ఉంది.

మొదట్లో లెక్క చాలా సులువుగా ఉండేది. ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్ళు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మేలో అడ్వాంటేజ్ అనే పథకం మొదలుపెట్టినప్పటి నుంచీ ప్రపంచమంతా చాలాకాలం దాదాపు ఇదే పద్ధతి. చవక టికెట్‌కి కొంచెం తగ్గించి ఇచ్చేవాళ్ళు, అయినా దూరం దూరమే కాబట్టి నాలాగా మూడు నెలల ముందే టికెట్ కొనుక్కునేవాళ్ళకి గిట్టుబాటయ్యేది. ఫలానా ఊరికి ఉచిత టికెట్ కావాలంటే ఇన్ని మైళ్ళు అని ఒక పట్టిక ఉండేది, దాన్ని చూసుకుని, ఇంకెన్ని కావాలో లెక్కేసుకుని, ఆ ప్రకారం ప్రయాణాలు వేసుకునేదాన్ని.

తర్వాత ఒకరోజు మెయిల్ వచ్చింది. మీ కోసం పథకాన్ని మరింత మెరుగుపరిచాం అని. ఇన్నేళ్ళుగా వాడుతున్నవాళ్ళకి ఆ మొదటి లైను చూడగానే సంగతి అర్థమైపోతుంది. ఇకమీదట దూరంతో పని లేదు, కట్టిన డబ్బును బట్టే పాయింట్లు. అది కూడా మొత్తం డబ్బుకి కాదు, పన్నులూ ఎయిర్‌పోర్టు చార్జీలూ తీసేసి మిగిలిన దాని మీద. ఆ పట్టిక కూడా ఎత్తేశారు. ఇప్పుడు టికెట్ ధర పెరిగితే పాయింట్లలో దాని ధరా పెరుగుతుంది. సాయంత్రం చూసిన సీటే పొద్దున చూస్తే ఇంకో అంకె చూపిస్తోంది. గోల్డ్ నిలబెట్టుకోవడానికి కూడా ఎన్నిసార్లు ఎక్కామన్నది కాదు, ఏడాదిలో ఎంత ఖర్చు పెట్టామన్నదే చూస్తారట.

మార్పుకి ముందు ఒక ఏడాదీ, మార్పు తర్వాత ఒక ఏడాదీ, అదే నెల, అదే దారి, అదే ఎకానమీ. రెండు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూశాను. రెండోదాంట్లో పడ్డ పాయింట్లు మొదటిదాంట్లో సగం కూడా లేవు. ధర తక్కువ ఉన్న రోజు చూసి కొన్నానన్నమాట, అందుకు శిక్ష. నా పక్క సీట్లో చివరి నిమిషంలో డబుల్ రేటుకి కొన్నాయన ఉంటే ఆయనకి నాకంటే రెట్టింపు పడతాయి, ఇద్దరం తిన్నది అదే చల్లారిన పాస్తా.

మా దగ్గర చీటీ వేసినవాళ్ళు సగం నెలలు కట్టాక, చీటీ నడిపే ఆవిడ వచ్చి లక్ష చీటీకి ఇక డెబ్బై వేలే ఇస్తాను అంటే వీధిలో ఎవరైనా ఊరుకుంటారా? ఇక్కడ ఊరుకోవాల్సిందే. చేరేటప్పుడు మనం చదవకుండా టిక్కు పెట్టే నిబంధనల్లో ముందే రాసుంటుంది, పాయింట్లు మీ ఆస్తి కాదు, ఎప్పుడు ఏది మార్చినా మా ఇష్టం అని. కొత్తగా సంపాదించేవాటికి కొత్త రూలు పెడితే నాకు పెద్ద అభ్యంతరం లేదు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. పాత రూలు చూసి కూడబెట్టినవాటి విలువని కూడా రాత్రికి రాత్రి తగ్గించడమే నాకు నచ్చలేదు, ఈ సమీక్షలో నేను మార్కులు కోసింది ముఖ్యంగా దానికే.

మావైపు విమానాలు ఎక్కేవాళ్ళలో అందరూ నాలాగే గింజుకుంటున్నారని కాదు. భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే రాజుగారు ఒకాయన నాకు ప్రదర్శనల్లో పరిచయం. ఆయన్ని కదిపితే, "నాకైతే పెరిగాయమ్మా, బిజినెస్ క్లాసు కదా, పోయినేడు మా ఆవిడ టికెట్ మొత్తం పాయింట్లతోనే అయిపోయింది" అన్నారు. నిజమే, ఆయన టికెట్ ధర నాదానికి నాలుగింతలుంటుంది, కొత్త పద్ధతి చేసిందే ఆయన లాంటివాళ్ళ కోసం. అసలు నష్టపోయింది గల్ఫ్ వెళ్ళేవాళ్ళు. కోనసీమలోనూ, మా నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలోనూ కువైట్, మస్కట్, దుబాయ్‌లలో ఎవరూ లేని వీధి తక్కువ. వాళ్ళు కొనేది అన్నిటికంటే చవక టికెట్, వచ్చేది ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి. పాయింట్లు మూడేళ్ళకి చెల్లిపోతాయి. పాత లెక్కలో అయినా ఎప్పుడో ఒకసారి ఒకవైపు టికెట్ వచ్చేది, ఇప్పుడు అవి ఎందుకూ చాలకముందే గడువైపోతోంది. మస్కట్‌లో ఉన్న మా మరిది అయితే తేల్చేశాడు. "వదినా, ఆ నంబరు గుర్తుపెట్టుకోవడం కూడా దండగే, నేను రేటు తక్కువున్నది ఎక్కేస్తున్నా."

మరిది మాట వచ్చింది కాబట్టి ఇంటిపేరు గొడవ కూడా చెప్పాలి, ఇది మనవాళ్ళకే ఎక్కువ వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పథకంలో చేరినప్పుడు ఒక్క అక్షరం పెట్టి పేరు రాస్తాం, పాలకొల్లులో ఏజెంటు టికెట్ కొట్టేటప్పుడు రెండూ కలిపి ఇంకోలా కొడతాడు. మూడు చోట్లా పేరు ఒకేలా లేకపోతే పాయింట్లు పడవు, ఎవరూ మనకి చెప్పరు కూడా. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ళ సంగతి మరీ ఘోరం. మా మరిదికి ఇలాగే పడకపోతే బోర్డింగ్ పాస్ ఫోటో, పాస్‌పోర్టు కాపీ పంపిస్తే వేశారు. అందుకని బోర్డింగ్ పాస్ ముక్క పాయింట్లు పడేదాకా పారేయకండి, టికెట్ తీసేటప్పుడే మెంబర్ నంబరు ఏజెంటుకి ఇచ్చి ఎక్కించమనండి, అడక్కపోతే చాలామంది ఎక్కించరు.

ఇక మా గోదావరి డెల్టాలో ఉండేవాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి. మాకు దగ్గర్లో ఉన్నది రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టు, లేదంటే గన్నవరం. మధురపూడి నుంచి హైదరాబాద్‌కి ఎక్కువగా ఇండిగో వాళ్ళ చిన్న ఏటీఆర్ విమానాలే, వాళ్ళకి 2024లో బ్లూచిప్ వచ్చేదాకా విమానం ఎక్కినందుకు పాయింట్లిచ్చే సొంత పథకం లేదు, ఇప్పుడున్నా అది వేరు, నాది వేరు. అంటే నా ప్రయాణంలో మొదటి మెట్టు ఎప్పుడూ లెక్కలోకి రాలేదు. అంతకంటే పెద్ద సమస్య సామాను. గోల్డ్ మెంబర్‌కి అంతర్జాతీయ టికెట్ మీద ఒక పెట్టె అదనంగా ఇస్తారు, శాంపిళ్ళు మోసుకెళ్ళే నాకు ఈ పథకంలో అన్నిటికంటే పనికొచ్చేది అదే. కానీ దేశంలోపల విడిగా కొన్న టికెట్ మీద 15 కిలోలే. బల్ల గుడ్డలు, దుప్పట్లు, కర్టెన్లు, డిజైన్ ముక్కలు కుట్టిన అట్టలు, అన్నీ కలిపితే ఒక్క పెట్టెకే అంత బరువు తూగుతుంది. హైదరాబాద్‌లో ఉచితంగా తీసుకునే పెట్టెకి రాజమండ్రిలో కిలో లెక్కన కట్టాలన్నమాట. అందుకే సామాను ఎక్కువున్నప్పుడు నేను రాత్రి నర్సాపురంలో రైలెక్కి పొద్దున హైదరాబాద్‌లో దిగుతాను. గోల్డ్ మెంబర్ని, స్లీపర్ బెర్తు కింద పెట్టెలకి గొలుసు వేసుకుని పడుకుంటాను.

ఇన్ని తిట్టాక మంచి కూడా రాయాలి, లేకపోతే సమీక్ష కాదు. ఒక జనవరిలో పొద్దున్నే కారులో రాజమండ్రి బయల్దేరాను. సిద్ధాంతం వంతెన మీదకి వచ్చేసరికి పొగమంచులో ముందున్న లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనపడట్లేదు, అప్పుడే ఫోన్లో మెసేజ్, హైదరాబాద్ విమానం రద్దు. రెండూ వేరే వేరే టికెట్లు కాబట్టి హైదరాబాద్ నుంచి ఎక్కాల్సిన పెద్ద విమానం తప్పిపోతే ఆ విదేశీ కంపెనీకి ఏ బాధ్యతా లేదు, రూలు ప్రకారం నా టికెట్ డబ్బు పోయినట్టే. గోల్డ్ వాళ్ళకిచ్చే నంబరుకి ఫోన్ చేశాను. మామూలు నంబరైతే పాట వింటూ కూర్చోవాలి, ఇదైతే వెంటనే ఎత్తారు. అవతల అమ్మాయి సంగతి విని, "మేడమ్, మీరు రావులపాలెంలో ఆగి టిఫిన్ చేయండి, నేను చూసి చెప్తాను" అంది. రావులపాలెం పేరు నేనే చెప్పానులెండి. కాసేపటికి మర్నాటి విమానంలోకి మార్చి, మార్పు చార్జీ లేకుండా టికెట్ పంపించింది. ఆ ఒక్క ఫోను విలువ నేను ఇన్నేళ్ళలో వాడిన పాయింట్లన్నిటికంటే ఎక్కువని ఇప్పటికీ అంటాను. ఎయిర్‌పోర్టులో గోల్డ్ వాళ్ళు కూర్చుని తినడానికి ఇచ్చే లాంజ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఇప్పుడు బ్యాంకు కార్డు ఉన్న ప్రతివాళ్ళూ అక్కడే ఉంటున్నారు, ఇడ్లీ ప్లేటుకి కూడా క్యూ.

ఇదంతా మన ఒక్కళ్ళ బాధే అనుకోకండి. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ (మన డెల్టాకి సంబంధం లేదు) 2023 సెప్టెంబరులో ఇలాంటి మార్పే ప్రకటించింది, ఎన్ని మైళ్ళు ఎగిరినా లెక్కలేదు, ఖర్చే చూస్తాం, పై మెట్టైన డైమండ్‌కి ఏడాదికి 35,000 డాలర్లు అని. రోజూ ఎక్కేవాళ్ళు ఎంత గోల చేశారంటే, వాళ్ళ సీఈవో ఎడ్ బాస్టియన్ స్వయంగా అతి చేశామని ఒప్పుకున్నాడు, అక్టోబరులో 28,000కి తగ్గించారు. తగ్గించారు గానీ పాత పద్ధతికి మాత్రం వెనక్కి వెళ్ళలేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా 2025 ఏప్రిల్ 1 నుంచి ఖర్చు లెక్కకే మారింది, గోల్డ్‌కి 20,000 పాయింట్లు, పౌండుకో పాయింటు. (నేను తిడుతున్నది వీళ్ళిద్దరిలో ఎవరినీ కాదు.)

ఎందుకిలా చేస్తున్నారంటే, వాళ్ళ పాయింట్లని ఇప్పుడు ఎక్కువగా కొనేది విమానం ఎక్కేవాళ్ళు కాదు. బ్యాంకులు. క్రెడిట్ కార్డు వాళ్ళు పాయింట్లు టోకున కొని మనకి పంచుతారు. ఒక్క అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచే డెల్టాకి 2024లో 700 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. కోవిడ్‌లో విమానాలు నేలమీద నిలబడ్డప్పుడు 2020లో డెల్టా తన మైళ్ళ పథకాన్ని హామీగా పెట్టి 900 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. మన దగ్గర జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయినా దాని పాయింట్ల కంపెనీ విడిగా ఉంది కాబట్టి బతికింది, అదే ఏడాది ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని నడిచింది. విమానాలు లేకపోయినా పాయింట్లు బతుకుతాయి అంటే ఆ వ్యాపారం ఎంత గట్టిదో చూడండి. అలాంటప్పుడు చవక ఎకానమీలో కూర్చుని మైళ్ళు లెక్కపెట్టుకునే నాలాంటివాళ్ళని ఎందుకు బతిమాలతారు?

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వాడికి ఈ కార్డుల పిచ్చి. "పిన్నీ, నువ్వు విమానం ఎక్కి సంపాదిస్తున్నావు, నేను కిరాణా కొని సంపాదిస్తున్నా" అని వెక్కిరిస్తాడు. వాడి లెక్క వాడికి సరిపోతుంది. ఇక్కడ నా వ్యాపారంలో ఖర్చు ఎక్కువ భాగం అల్లే ఆడవాళ్ళకిచ్చే కూలీ, దారం, ప్యాకింగు. కార్డు గీకే చోటు తక్కువ. కార్డు మీద ఏటా కట్టే ఫీజూ, దానికొచ్చే పాయింట్లూ వేసి చూస్తే నాకు తేలలేదు, వదిలేశాను.

ఇప్పుడు ఎవరైనా ఈ పథకంలో చేరాలా అని అడిగితే, చేరండి, ఉచితమే కదా, కానీ దానికోసం టికెట్‌కి ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకండి అంటాను. టికెట్ కంపెనీ కొనిచ్చేవాళ్ళకి ఐదుకి నాలుగు. సొంత డబ్బుతో వెళ్ళేవాళ్ళకి రెండు, ఆ రెండూ సామానుకీ, ఫోన్ ఎత్తిన ఆ అమ్మాయికీ. నేనైతే ఇప్పుడు కూడబెట్టడం మానేశాను, ఏ టికెట్‌కి చాలితే దానికి వెంటనే వాడేస్తున్నా. మొన్న ఉన్నవాటితో మా అమ్మాయి చదువుకునే ఊరి నుంచి వేసవికి ఇంటికి రావడానికి టికెట్ తీశాను. ఉచిత టికెట్టే, కాకపోతే పన్నులూ ఫీజుల కింద రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్ళి వచ్చేంత డబ్బు కట్టించుకున్నారు. ఇంకా కాసిని పాయింట్లు మిగిలాయి. వాటికి ఏమొస్తాయా అని వాళ్ళ ఆన్‌లైన్ దుకాణంలో వెతికితే సూట్‌కేసుకి తగిలించుకునే పేరు బిళ్ళ ఒకటి కనపడింది. ఇండియాకి డెలివరీ లేదట.