గ్రీన్‌లాండ్‌కు ఏది మేలు: స్వపరిపాలనా, స్వాతంత్ర్యమా, ఫ్రీ అసోసియేషనా?

అమెరికా గ్రీన్‌లాండ్ మాట ఎత్తిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే: డెన్మార్క్‌తో ఉంటే మేలా, విడిపోతే మేలా? చర్చంతా అరుదైన ఖనిజాల చుట్టూ తిరుగుతుంది గానీ, నా లెక్కలో దీన్ని తేల్చేది డెన్మార్క్ ఏటా ఇచ్చే గ్రాంటు.

డెన్మార్క్ రాజ్యంలో ఉంటూనే గ్రీన్‌లాండ్‌కు స్వపరిపాలన ఇచ్చిన 2009 చట్టం ఈ గ్రాంటును 343.96 కోట్ల క్రోన్లుగా (డెన్మార్క్ కరెన్సీ) ఖాయం చేసింది. ధరలతో పాటు పెరిగి ఇప్పుడది 400 కోట్లు దాటింది. జనాభా సుమారు 57 వేలు, అంటే తలకు 70 వేల క్రోన్లు. ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం ఇదే. ఎగుమతుల్లో 90 శాతానికి పైగా చేపలూ రొయ్యలే కాబట్టి, రొయ్య ధర పడిన ఏడాది ఆదుకునేదీ ఇదే.

ఇప్పుడున్న స్వపరిపాలనలో చిక్కు ఆ చట్టంలోనే ఉంది. ఖనిజాల రాబడి ఏడాదికి 7.5 కోట్ల క్రోన్లు దాటితే, పైన వచ్చినదాంట్లో సగం గ్రాంటులో కోత పడుతుంది. రాబడి 107.5 కోట్లు వచ్చిందనుకోండి, గ్రాంటు 50 కోట్లు తగ్గుతుంది. 400 కోట్ల గ్రాంటు సున్నా కావాలంటే ఏటా 807.5 కోట్ల రాబడి రావాలి. ఊరికీ ఊరికీ రోడ్డు లేని చోట గని తవ్వాలంటే రేవు, కరెంటు, కార్మికుల ఇళ్ళు అన్నీ కంపెనీయే కట్టుకోవాలి. అందుకే గనులు వేళ్ళమీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి. పెద్ద ఆశ పెట్టుకున్న అరుదైన ఖనిజాల గని ప్రాజెక్టు కువానెర్సుయిట్ కూడా, యురేనియం తవ్వకాన్ని అడ్డుకున్న 2021 నాటి చట్టంతో ఆగిపోయింది. ఇంకో చిక్కు: కొత్త శాఖను చేతికి తీసుకుంటే ఖర్చూ తామే పెట్టుకోవాలి, గ్రాంటు పెరగదు. పోలీసులు, కోర్టులు ఇంకా డెన్మార్క్ దగ్గరే ఉండిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పూర్తి స్వాతంత్ర్యానికి దారి చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. గ్రీన్‌లాండ్ ప్రజలు నిర్ణయించాలి, రెండు ప్రభుత్వాలూ ఒప్పందానికి రావాలి, దాన్ని రాజధాని నూక్‌లోని గ్రీన్‌లాండ్ పార్లమెంటు ఆమోదించాలి, రెఫరెండం నెగ్గాలి, డెన్మార్క్ పార్లమెంటు సమ్మతించాలి. హక్కు న్యాయమైనదే, అందులో నాకు సందేహం లేదు. కానీ గ్రాంటు ఆగిన మర్నాడు ఆసుపత్రిలో డాక్టరుకు జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ డాక్టర్లలో చాలామంది డెన్మార్క్ నుంచి కొద్ది నెలలకని వచ్చేవాళ్ళే. పౌరసత్వం మారితే డెన్మార్క్ యూనివర్సిటీల్లో చదువుకునే పిల్లల సంగతీ తేల్చాలి.

అందుకే నా మొగ్గు ఫ్రీ అసోసియేషన్ వైపు: దేశం తమదే, రక్షణ లాంటివి ఒప్పందం మీద ఇంకొకరికి. 1918లో ఐస్‌లాండ్ ఇలాగే సార్వభౌమ దేశమై, విదేశీ వ్యవహారాలు డెన్మార్క్‌కు వదిలి, 1944లో రిపబ్లిక్ అయింది. అయితే ఒప్పందం రాత బలహీనంగా ఉంటే దెబ్బ తగులుతుంది. అమెరికాతో ఇలాంటి ఒప్పందమున్న మార్షల్ దీవుల నిధుల గడువు 2023 సెప్టెంబరులో ముగిస్తే, కొత్త నిధులకు అమెరికా ఆమోదం 2024 మార్చిలో గానీ రాలేదు. న్యూజిలాండ్‌తో ఇలాంటి బంధమున్న కుక్ దీవులు 2025లో చైనాతో ఒప్పందాలు చేసుకున్నాయని న్యూజిలాండ్ కొంత సాయం ఆపేసింది.

కాబట్టి గ్రాంటు ఏ ఏటికా ఏడు దయతలిచి ఇచ్చేదిగా ఉండకూడదు. ధరల సూచీకి కట్టి, ఏడాదికి 5 శాతం చొప్పున 20 ఏళ్ళలో తగ్గేలా ఒప్పందంలోనే రాయించుకోవాలి. 400 కోట్ల మీద అది ఏడాదికి 20 కోట్లు. కొత్త పన్నులతో, చేపల ఫీజులతో పూడ్చుకునే అవకాశం ఉన్న మొత్తం. ఖనిజాల రాబడికీ ఈ కోతకూ లంకె తెంచాలి. డెన్మార్క్ పౌరసత్వం నిలుపుకోవాలి. గ్రీన్‌లాండ్‌లోని అమెరికా సైనిక స్థావరం పిటుఫిక్‌కు ఆధారమైన, డెన్మార్క్-అమెరికాల 1951 రక్షణ ఒప్పందంలో నూక్‌కూ సంతకం హక్కు ఉండాలి.

అమెరికాలో కలవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2025 జనవరి సర్వేలో 85 శాతం వద్దన్నారు; అమెరికాకు కావలసిన సైనిక స్థావరం ఇప్పటికే ఉంది. యూరోపియన్ సమాజం (ఇప్పటి యూరోపియన్ యూనియన్) నుంచి 1985లో బయటికొచ్చిందే చేపల హక్కుల కోసం, మళ్ళీ అటు వెళ్తే ముందు అడిగేదీ ఆ హక్కులనే.

2025 మార్చి ఎన్నికల్లో 31 సీట్లలో 10 గెలిచి మొదటి స్థానంలో నిలిచిన డెమోక్రాటిట్ పార్టీది స్వాతంత్ర్యం వైపు నిదానంగా వెళ్దామనే దారి. 21వ సెక్షన్ కింద చర్చలు ఎప్పుడు మొదలైనా, మొదటి రోజు బల్లమీద పెట్టాల్సింది గ్రాంటు క్లాజు.