పాత రూపాయలు పట్టుకుని కోఠి కొట్టుకు వెళ్తే

మా అత్తగారి ఇత్తడి డబ్బాలో 19 పాత నాణేలు దొరికాయి. మా చిన్నాడు యూట్యూబులో ఏవేవో చూసి "అమ్మా, లక్షలు!" అని ఒకటే గోల. తేల్చుకుందామని కరీంనగర్‌లో బస్సెక్కి వెళ్లి కోఠిలో ఒక నాణేల కొట్టులో చూపించాను. సందులో, మొదటి అంతస్తు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.

ముందు రోజు నేనొక ఘనకార్యం చేశాను. నాలుగు చార్మినార్ రూపాయలు, అంటే నిజాం కాలపు హాలీ సిక్కాలు, నల్లగా ఉన్నాయని విభూతి, చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టాను. ఒకటి తళతళలాడింది. ఇంతలో పాలవాడు రావడంతో మిగతా మూడూ బతికిపోయాయి.

కొట్టాయన అరవై దాటినవాడు. అయిదు ఇంగ్లీషు రూపాయలు బల్ల మీద పెట్టగానే, భూతద్దం కూడా తీయకుండా "ఇవి పూజల పెట్టేటివా అమ్మా?" అన్నాడు. నేను ఖంగుతిన్నాను. నిజమే, ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందు తోమి కలశంలో వేసేవే. ఒకదాన్ని చిన్న త్రాసు మీద పెట్టాడు. ఆ రూపాయి అసలు బరువు 11.66 గ్రాములు, మన పాత తులం అదే. మాది 11.41 చూపించింది. పావు గ్రాము కొంత జనం చేతుల్లో, కొంత మా ఇంటి విభూతిలో పోయిందన్నమాట.

తోమిన హాలీ సిక్కా ఒకటి, తోమనిది ఒకటి అంచులు మాత్రమే పట్టుకుని ట్యూబ్‌లైటు కింద పక్కపక్కన వంచి చూపించాడు. నల్లదాన్ని కొంచెం తిప్పితే ఆ నలుపు కిందే వెలుగు చక్రంలా తిరుగుతోంది. అచ్చు పడ్డప్పటి మెరుపట అది. నేను తోమిన దానిలో మెరుపు ఉంది గానీ కదలదు, గిన్నె మెరుపు. భూతద్దంలో చూస్తే అన్నీ ఒకే వైపు సాగిన సన్నటి గీతలు. నాణెం మీది చార్మినార్ గుమ్మంలో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరుకు గుర్తుగా 'ఐన్' అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. అది, మినార్ల కొసలు ఎంత స్పష్టంగా ఉన్నాయన్నదే ముందు చూస్తారట. రెండింటిలోనూ అరుగుదల ఒక్కలాగే ఉంది. కానీ తోమిన దానికి వెండి తూకం ధరే చెప్పాడు, తోమని దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ పాలవాడికి ఏమైనా ఇవ్వాలి.

అయిదో జార్జి రూపాయి ఒకటుంటే "1911దా?" అని ఆశగా అడిగాను. ఆ ఏడు రూపాయిలో రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవై, చాలావరకు వెనక్కి తీసుకుని కరిగించేశారు. అందుకే దానికి గిరాకీ. మాది 1912, ఏనుగును సరిదిద్దాక వచ్చినది. తొండం చక్కగానే ఉంది, ఏం లాభం!

చిన్నాడి లక్షలన్నీ 1818 అని రాసి ఉన్న సీతారాముల బిళ్ల మీదే. దాన్ని త్రాసు దాకా కూడా రానివ్వలేదు. ఈస్టిండియా కంపెనీవాళ్లు అలాంటి డబ్బు వేయనే లేదట, తీర్థాల్లో అమ్మే బిళ్ల. చిల్లు కానీలు తొమ్మిదింటికీ కలిపి చెప్పిన ధర ఆటో చార్జీకి సరిపోతుంది.

డాలస్‌లో ఉన్న అమ్మాయికి ఒక చార్మినార్ పంపిద్దామంటే వద్దన్నాడు. దాని మీద ఉన్న ఏడు హిజ్రీ 1337, అంటే మన లెక్కలో 1918-19. వందేళ్లు దాటిన నాణేన్ని 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు. ఈ మాట మాకెవరూ చెప్పలేదు.

ఇక నాకు నచ్చనివి. గంటసేపు కూర్చోబెట్టాడు. చూసిన దానికి కాగితం మీద ఒక్క ముక్క రాసివ్వలేదు. అన్నిటికన్నా, అమ్మకం ట్రేలో 'యూఎన్‌సీ' చీటీ ఉన్న ఆరో జార్జి రూపాయి ఒకటి ఉంది. యూఎన్‌సీ అంటే చేతులు మారనిది. అప్పుడే నేర్చుకున్న విద్య కదా, ఆయన భూతద్దమే అడిగి తీసుకుని చూశాను. అవే గీతలు. "ఇది కూడా పూజలో పెట్టిందేనా?" అంటే నవ్వి, "వేరే పార్టీది అమ్మా, అమ్మిపెట్టుమన్నరు" అన్నాడు. చీటీ మాత్రం తీయలేదు. మా నల్లదానిలాంటి హాలీ సిక్కా అదే ట్రేలో, నాకు చెప్పిన ధరకు రెట్టింపుకు ఉంది. అద్దె, కరెంటు ఉంటాయి సరే, రెట్టింపా?

చూపించుకోవడానికి అయిదుకు నాలుగున్నర ఇస్తాను, అమ్ముకోవడానికి రెండు. కొనడానికైతే ఇంకో కొట్టు కూడా తిరగండి, చీటీ నమ్మకండి. నేను కానీలు మాత్రమే ఇచ్చి వచ్చాను. మధ్యాహ్నం రెండింటికి భోజనానికి మూసేస్తారు, పదకొండుకల్లా వెళ్తే మంచిది.