క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ సమీక్ష: నారింజ మబ్బు కింద మీ మెయిల్ ఏమవుతుంది?

క్లౌడ్‌ఫ్లేర్ అంటే సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య నిలబడే సేవ. అందులో డొమైన్ చేర్చగానే డీఎన్‌ఎస్ (పేర్లను ఐపీ చిరునామాలతో కలిపే పట్టిక) పేజీలో ‘ఏ’ (A, పేరుకు ఐపీ ఇచ్చేవి) రికార్డుల పక్కన, సీనేమ్‌ల (CNAME, ఒక పేరును ఇంకో పేరుకు చూపించేవి) పక్కన నారింజ రంగు మబ్బు బొమ్మ కనిపిస్తుంది, అంటే ప్రాక్సీ పనిచేస్తోందని. దాన్ని ఆపితే బూడిద రంగులోకి మారుతుంది. ఉచిత ప్లాన్‌లో దొరికే వాటిలో అన్నిటికన్నా విలువైనది ఈ మబ్బే. సైట్ వేగం పెరుగుతుంది, దాడుల తాకిడి సర్వర్ దాకా రాదు, సర్వర్ ఐపీ బయటికి కనబడదు. వెబ్‌సైట్ వరకు ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. అదే సర్వర్‌లో మెయిల్ కూడా నడుస్తుంటే మాత్రం లెక్క పూర్తిగా వేరు.

రికార్డు నారింజలో ఉంటే ఆ పేరుకు జవాబుగా మీ సర్వర్ ఐపీ రాదు, క్లౌడ్‌ఫ్లేర్ ఐపీ వస్తుంది. 104.21తోనో 172.67తోనో మొదలైతే అది వాళ్లదే అయ్యుంటుంది. అక్కడ నడిచేది వెబ్ ట్రాఫిక్ మాత్రమే: 80, 443, వాటితోపాటు 8080, 8443, సీప్యానెల్ వాడే 2083, 2096 లాంటి కొన్ని పోర్టులు. మెయిల్‌కు కావాల్సిన 25, 465, 587, 993, 995 ఆ జాబితాలో లేవు. అందుకే మెయిల్ సబ్‌డొమైన్ నారింజలో ఉన్నప్పుడు ఔట్‌లుక్, ఫోన్ రెండూ కాసేపు తిరిగి టైమవుట్ అంటాయి. పాస్‌వర్డ్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ వేసినా ఫలితం ఉండదు. మబ్బును బూడిద రంగులోకి మార్చి ఐదు నిమిషాలు ఆగితే చాలు.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. మెయిల్ సబ్‌డొమైన్‌ను సీనేమ్‌గా పెట్టి, దాన్ని అసలు డొమైన్‌కు చూపిస్తారు. పాత హోస్టింగ్ ప్యానెళ్ల నుంచి దిగుమతి అయ్యే రికార్డులు తరచుగా ఇలాగే ఉంటాయి. అసలు డొమైన్ నారింజలో ఉంటే, సీనేమ్‌ను బూడిద చేసినా చివరికి వచ్చేది క్లౌడ్‌ఫ్లేర్ ఐపీయే. మబ్బు రంగు చూసి సరిగ్గానే ఉందనుకుంటాం, మెయిల్ మాత్రం కదలదు. ఆ సీనేమ్ తీసేసి, సర్వర్ ఐపీతో నేరుగా ‘ఏ’ రికార్డు రాయాలి. ఎంఎక్స్ (డొమైన్‌కు వచ్చే మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే రికార్డు) సీనేమ్‌ను చూపించకూడదని ప్రమాణం కూడా చెబుతోంది.

బయటి నుంచి వచ్చే మెయిల్ విషయంలో క్లౌడ్‌ఫ్లేర్ కొంత ఆదుకుంటుంది. మీ ఎంఎక్స్ నారింజలో ఉన్న పేరును చూపిస్తుంటే, డీసీ-ఎంఎక్స్ అని మొదలయ్యే ఒక సబ్‌డొమైన్‌ను తానే సృష్టించి, దానికి మీ అసలు ఐపీ ఇస్తుంది. మెయిల్ వస్తుంది. కానీ ఏ ఐపీని దాచడానికి మబ్బు వేశారో, ఆ ఐపీ డీఎన్‌ఎస్‌ను అడిగే డిగ్ కమాండ్ రెండుసార్లు కొట్టిన ఎవరికైనా దొరుకుతుంది. పైగా ఈ సాయం ఆ డొమైన్ సొంత ఎంఎక్స్‌కే. ఒకే మెయిల్ హోస్ట్‌ను పదిమంది క్లయింట్ల డొమైన్లకు చూపించే ఏజెన్సీలు జాగ్రత్తగా ఉండాలి. వేరే చోట ఉన్న ఆ డొమైన్లకు వచ్చే మెయిల్ నారింజ మబ్బు దగ్గరే ఆగిపోతుంది. పంపే సర్వర్ దాన్ని వెంటనే తిప్పికొట్టదు, క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మెయిల్ పంపే పద్ధతైన ఎస్‌ఎంటీపీ ప్రమాణం నాలుగైదు రోజులు ప్రయత్నించమంటుంది. అన్ని రోజులూ ఇన్‌బాక్స్ ఖాళీగానే ఉంటుంది, ఎందుకో ఎవరికీ తెలియదు.

వెళ్లే మెయిల్‌కు వచ్చే తంటా ఇంకా నెమ్మదిగా బయటపడుతుంది. మీ ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఎవరికుందో చెప్పే రికార్డు) ‘ఏ’ అన్న ఒక్క అక్షరం మీద ఆధారపడి ఉంటే, డొమైన్ నారింజలోకి వెళ్లిన క్షణం నుంచి ఆ ‘ఏ’ క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలను చూపిస్తుంది. మెయిల్ వెళ్లేది మాత్రం మీ సర్వర్ నుంచే. ఎస్‌పీఎఫ్ ఫెయిలవుతుంది, ఉత్తరాలు స్పామ్‌లోకి జారుతాయి. ‘ఏ’ బదులు ఐపీ4:203.0.113.10 అన్నట్టు మీ సర్వర్ అంకెలనే రాయాలి. పీటీఆర్ (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు) కూడా అంతే. సర్వర్ ఐపీని వెనక్కి అడిగితే ఏ పేరు వస్తుందో, ఆ పేరు మళ్లీ అదే ఐపీకి రావాలి. ఆ పేరు నారింజలో ఉంటే పొంతన కుదరదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పంపేవారి నిబంధనలు బిగించింది. ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ (మెయిల్‌పై వేసే డిజిటల్ సంతకం), సరిపోలే పీటీఆర్ అందరికీ తప్పనిసరి. రోజుకు 5000 దాటి పంపేవాళ్లకు రెండూ కావాలి, డీమార్క్ (ఈ తనిఖీల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా.

డీకిమ్ కీని టీఎక్స్‌టీ (మామూలు పాఠం ఉంచే) రికార్డుగా పెడితే దానికి మబ్బే ఉండదు, చింత లేదు. మైక్రోసాఫ్ట్ 365, అమెజాన్ ఎస్‌ఈఎస్ లాంటివి సీనేమ్‌లు ఇస్తాయి. వాటిని నారింజలో వదిలేస్తే అవతలి సర్వర్‌కు కీ దొరకదు, సంతకం చెల్లదు. మెయిల్ సేవ ఇచ్చిన ప్రతి సీనేమ్ బూడిదే. ఇంకొకటి: డొమైన్ చేర్చేటప్పుడు జరిగే ఆటోమేటిక్ స్కాన్ మీ డీకిమ్ సెలెక్టర్ (కీ ఏ రికార్డులో ఉందో చెప్పే) పేరును ఊహించలేకపోవచ్చు. పాత చోటి నుంచి జోన్ ఫైల్ (అన్ని రికార్డుల జాబితా) ఎగుమతి చేసుకుని, ఒక్కో వరుసా సరిచూశాకే నేమ్‌సర్వర్లు మార్చండి.

ఇక గోప్యత. ఈ సేవను బాగా మెచ్చుకునేవాళ్లు కూడా చూడకుండా దాటేసే చోటు ఇదే. కాంటాక్ట్ ఫారం, పాస్‌వర్డ్ రీసెట్, ఆర్డర్ రసీదు, వీటిలో ఏది మీ వెబ్ సర్వర్ నుంచి నేరుగా వెళ్లినా దాని హెడర్‌లో ‘రిసీవ్డ్’ వరుస ఉంటుంది, ఆ వరుసలో సర్వర్ ఐపీ ఉంటుంది. జీమెయిల్‌లో ఒరిజినల్ తెరిచి చూస్తే చదవడానికి పది సెకన్లు చాలు. దాడి చేయదలచినవాడు మీ సైట్‌లో ఖాతా తెరిచి ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కితే మీ సర్వరే తన చిరునామా వాడి చేతికి ఇస్తుంది. లేని చిరునామాకు మెయిల్ పంపించి, మీ సర్వర్ నుంచి తిరిగొచ్చే బౌన్స్‌లో చూసుకోవచ్చు. ఎస్‌పీఎఫ్‌లో మనమే రాసుకున్న ఐపీ4 అంకెలు కూడా అందరికీ కనబడేవే. కాబట్టి ఒకే సర్వర్‌లో వెబ్, మెయిల్ రెండూ పెట్టుకున్నంతకాలం మబ్బు ఐపీని దాచలేదు.

మెయిల్‌బాక్స్‌లను జోహో, గూగుల్ వర్క్‌స్పేస్ లాంటి చోటికి తరలించి, సైట్ పంపే మెయిల్‌ను ఒక మెయిల్ సేవ ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా మాట్లాడుకునే దారి) ద్వారా పంపడమే సరైన దారి. ఎస్‌ఎంటీపీ రిలే (మీ సర్వర్ మెయిల్‌ను ఇంకో సర్వర్ ద్వారా పంపడం) అయితే కొన్ని సేవలు మీ ఐపీని హెడర్‌లో అలాగే ఉంచుతాయి, ఒక పరీక్ష మెయిల్ పంపి చూసుకోవాలి. క్లౌడ్‌ఫ్లేర్ సొంత ఈమెయిల్ రౌటింగ్ ఉచితం, వచ్చిన మెయిల్‌ను మీ జీమెయిల్‌కు చక్కగా మళ్లిస్తుంది. అది మెయిల్‌బాక్స్ కాదు. జవాబు మామూలుగా జీమెయిల్ నుంచి రాస్తే మీ సొంత చిరునామా కనబడిపోతుంది.

పేజీలోని మెయిల్ చిరునామాలను స్పామ్ బాట్లకు దొరక్కుండా కప్పే సదుపాయం నచ్చింది, నారింజలో ఉన్న పేజీలకే పనిచేస్తుంది. వెబ్‌మెయిల్‌ను మాత్రం నారింజ వెనక పెట్టే ముందు ఆలోచించండి. ఎన్‌క్రిప్షన్ క్లౌడ్‌ఫ్లేర్ దగ్గర విప్పి, మళ్లీ చుట్టి ముందుకు పంపుతారు. అంటే పాస్‌వర్డ్, ఉత్తరం రెండూ అక్కడ తెరిచే ఉంటాయి. ఎన్‌క్రిప్షన్ మోడ్ ఫ్లెక్సిబుల్‌లో ఉంటే అక్కడి నుంచి మీ సర్వర్ దాకా తాళమే ఉండదు, ఫుల్ స్ట్రిక్ట్ తప్ప మరొకటి పెట్టకండి. వాళ్లిచ్చే ఒరిజిన్ సర్టిఫికెట్ (క్లౌడ్‌ఫ్లేర్ మాత్రమే నమ్మేది) పదిహేనేళ్లు చెల్లుతుంది గదా అని మెయిల్ సర్వర్‌కు తగిలించినా ఔట్‌లుక్ దాన్ని నమ్మదు. అక్కడ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ వేయాలి.

వీటన్నిటిలో వరుస ముఖ్యం. ముందు మెయిల్ తరలించాలి, పాత ఎంఎక్స్, ఎస్‌పీఎఫ్ అంకెలు తుడిచేయాలి. తర్వాత హోస్టింగ్ వాళ్లను అడిగి సర్వర్ ఐపీ మార్పించుకోవాలి, పాత ఐపీ డీఎన్‌ఎస్ చరిత్ర దాచే సేవల్లో ఎప్పటికీ ఉంటుంది. కొత్త ఐపీని నారింజ రికార్డులో మాత్రమే రాయాలి. ఆపైన ఫైర్‌వాల్‌లో 80, 443 పోర్టులను క్లౌడ్‌ఫ్లేర్ ప్రచురించే ఐపీ శ్రేణులకే తెరిచి, 25ను పూర్తిగా మూసేయాలి. ఐపీ ముందు మార్చి మెయిల్ తర్వాత చూద్దాం అనుకుంటే, మొదటి పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్‌తోనే కొత్త ఐపీ కూడా బయటపడుతుంది.