చిరిగిపోయిన ఒక్క కాగితం కోసం ఆరేళ్లు

షిర్లీ జాక్సన్ రాసిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' నా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉంది, ఇప్పటికి మూడుసార్లు చదివాను. 1959 నాటి నవల, కథేంటో చాలామందికి తెలుసు, అది మళ్లీ చెప్పను. ఒక్క సీన్ గురించి మాత్రం చెప్పాలి. చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

దయ్యాలున్నాయనే హిల్ హౌస్‌ని పరిశోధించే ఒక డాక్టరు పిలిస్తే వచ్చిన ఎలియనోర్, థియోడోరా ఆ ఇంటికి చేరిన రోజే మనం చుట్టాలమై ఉంటాం అనుకునేంత దగ్గరైపోతారు. తర్వాత వాళ్లతోపాటు ఆ ఇంట్లో ఉన్న ల్యూక్ అనే కుర్రాడి విషయంలో మాటలు తేడా వస్తాయి. థియో ఎత్తిపొడుస్తుంది, ఎలియనోర్ ఒళ్లు మండి చీకట్లో బయటికి నడిచేస్తుంది, థియో వెంట వెళ్తుంది. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తుంటారు, కోపం ఇంకా తగ్గలేదు, నీకు నేనంటే ఇష్టమేనా అన్న ప్రశ్న మాత్రం ఇద్దరి మధ్యా వేలాడుతూనే ఉంటుంది. చుట్టూ చెట్లు తెల్లగా పాలిపోతాయి, ఆకాశం నల్లబడుతుంది, దారి చివర ఉన్నట్టుండి పట్టపగటి వెలుగు, గడ్డి మీద పిక్నిక్, పిల్లలు, ఒక కుక్కపిల్ల. అప్పుడు థియో వెనక్కి చూసి, నువ్వు చూడకు, పరిగెత్తు అని కేక పెడుతుంది.

ఏం చూసింది?

నా కాపీ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నది. సరిగ్గా ఆ పరుగు దగ్గరే ఒక కాగితం లేదు, ఎవరో చింపినట్టు అంచు మాత్రం మిగిలింది. జవాబు ఆ కాగితం మీదే ఉందని ఆరేళ్లు నమ్మాను. ఎంత టెన్షన్ అంటే రాత్రిళ్లు వరండాలో బట్టలు తీస్తూ వెనక్కి తిరగడానికి జంకేదాన్ని, థియో చూసింది ఇదేనేమో అని రోజుకొకటి ఊహించుకునేదాన్ని. చివరికి ఈ-బుక్ కొని ముందు ఆ చోటే తెరిచాను.

జవాబు లేదు! రచయిత్రి ఎక్కడా చెప్పలేదు. వాళ్లు వంటింట్లోకి వచ్చి పడతారు, థియో వెనక్కి చూశాను, వెనక్కి చూశాను అంటూ పిచ్చిగా నవ్వుతుంది, తర్వాత ఎలియనోర్ మీద తల వాల్చేసి ఆమె పేరే మళ్లీ మళ్లీ పిలుస్తుంది. అంతే. దయ్యం కోసం వెతికిన చోట నాకు దొరికింది ఇది. అప్పటికి ఏడాదిగా నాకు ఇంటర్ నాటి స్నేహితురాలితో మాటల్లేవు, తనకి మంచి ఉద్యోగం వచ్చిందన్న అక్కసుతో గొడవ పెంచింది నేనే. ఆ పేరా చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను.

చీకట్లో ఎవరి చెయ్యో పట్టుకునే సీనే బెస్ట్ అని ఒకప్పుడు అందరికీ చెప్పేదాన్ని. మొదటిసారి నిజంగానే వణికాను, మూడోసారికి ఏమీ అనిపించలేదు. థియోకి ఎదుటివాళ్ల మనసు తెలిసిపోయే శక్తి ఉందని మొదట్లో అంత బాగా చెప్పి తర్వాత దాన్ని పెద్దగా వాడుకోలేదు కూడా. డాక్టరు భార్య వచ్చాక కథ సాగదీసినట్టుంటుంది, అక్కడ పేజీలు తిప్పేసినా పర్లేదు. పిక్నిక్ తర్వాత కుదిరిన ఆ స్నేహమూ నిలవదు. మీ ఇంటికి వచ్చేస్తాను అని ఎలియనోర్ అడిగితే థియో మొహం మీదే వద్దంటుంది, నన్ను ఏడిపించింది మాత్రం అదే.

కొనాలా అంటే, వారపత్రికల్లో క్షుద్రశక్తుల సీరియల్స్ చదివి, చివర్లో మంత్రం, మందు, కారణం అన్నీ తేలాలనుకునేవాళ్లకి ఇది కోపం తెప్పిస్తుంది. 2018లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ చూసి అదే కథ అనుకోవద్దు, అది వేరు. ఎలియనోర్ పదకొండేళ్లు మంచం పట్టిన తల్లికి సేవ చేసిన మనిషి, నేనూ మా అమ్మ పక్కన నాలుగేళ్లు గడిపాను, కాబట్టి నాకు నచ్చినంతగా మీకూ నచ్చుతుందని చెప్పలేను. పాత పుస్తకాలు కొంటే మాత్రం పేజీలు లెక్కపెట్టుకోండి. నా కాపీలో లేని ఆ కాగితం చేత్తో రాసి అక్కడ పెట్టుకున్నాను, ఇప్పుడు ఎవరైనా పుస్తకం అడిగితే ఆ కాపీనే ఇస్తున్నాను.