ఇంటింటికీ బోరా, వాననీటి సంపా: నల్గొండ కొత్త కాలనీలకు ఏది మేలు?

నల్గొండ చుట్టూ వెలుస్తున్న లేఅవుట్లలో ప్లాటు కొన్నవారు పునాదికన్నా ముందే బోరు వేయిస్తున్నారు. నిర్మాణానికి నీరు వెంటనే కావాలి కనుక ఆ తొందరను తప్పుపట్టలేము. అయితే ఇక్కడి నేల కింద ఉన్నది చాలావరకు గట్టి గ్రానైటు శిల. నీరు దాని పగుళ్లలోనూ, పైనున్న మెత్తబడిన పొరలోనూ మాత్రమే నిలుస్తుంది గనుక, పక్కపక్కనే బోర్లు పడినకొద్దీ ఒకే పగులులోని నీటిని అందరూ తోడుకున్నట్లవుతుంది. పైగా శిలతో ఎక్కువకాలం కలిసి ఉన్న నీటిలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి ‘నల్గొండ పద్ధతి’ అని మన ఊరి పేరే స్థిరపడిందంటే మనసు కలుక్కుమంటుంది.

వాననీటిలో ఈ బెడద లేదు. 100 చదరపు మీటర్ల డాబాపై ఏడాదిలో 700 మిల్లీమీటర్ల వాన కురిస్తే 70,000 లీటర్లు. అయిదో వంతు వృథా అయినా 56,000 లీటర్లు మిగులుతాయి. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లనుకుంటే ఏడాదికి 14,600 లీటర్లు చాలు. సంపు ఖర్చు భారమే. స్నానాలకు, ఉతుకులకు ఆ నీరు సరిపోదు, కరువు ఏడాదిలో ఆశ పెట్టుకోలేము.

నా మట్టుకు నేను సంపునే ఎంచుకుంటాను. వాడుకకు మిషన్ భగీరథ నల్లా, దానికి తోడు కాలనీ అంతటికీ ఒకే ఉమ్మడి బోరు ఉంటే చాలు. సంపు నిండాక పొర్లే నీటిని సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్విన ఇంకుడు గుంతలోకి మళ్లించాలి. కుంటకు పోయే వాగును రోడ్డు కింద పూడ్చకూడదు.