మారిషస్‌లో ముత్తాత జాడ: మోకా రికార్డులు, తర్వాతే సముద్రం

చెన్నైలో మారిషస్ ప్యాకేజీ అడిగితే సాధారణంగా బీచ్‌లకు రోజులు, పూర్వీకుల వెతుకులాటకు ఓ పూట ఇస్తారు. తరాల కిందట ఓడెక్కిన మనిషి కోసం వెళ్లేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. అసలు పని మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో. 1834 నుంచి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్ల రిజిస్టర్లు అక్కడే ఉన్నాయి. ఇంత విలువైన రికార్డు మన వలస కుటుంబాలకు మరోచోట దొరకడం కష్టం.

మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద మచ్చ, కులం, జిల్లా, ఊరు, ఎక్కిన ఓడ, చేరిన తోట. ఎన్నో నమోదుల్లో ఇవన్నీ ఒకే వరుసలో కనిపిస్తాయి. కొందరికి ఫొటో కూడా ఉంటుంది. అన్నిటికీ ఆధారం ఇమిగ్రెంట్ నంబరే, అంటే వచ్చిన ఒక్కొక్కరికీ అక్కడ ఇచ్చిన సంఖ్య. అక్కడి బంధువులు తెలిస్తే వాళ్ల జనన, వివాహ పత్రాలు పట్టుకుని సివిల్ స్టేటస్ ఆఫీసు (జనన, వివాహ, మరణాలు నమోదు చేసే కార్యాలయం) ద్వారా తరం తరం పైకి వెళ్లాలి. నంబరు దొరక్కపోతే పేరు, తండ్రి పేరు, ఊరు, సుమారు సంవత్సరం ముందే ఇన్‌స్టిట్యూట్‌కు రాసి పంపండి. జవాబు వచ్చాకే టికెట్ కొనండి.

చాలామంది తప్పటడుగు వేసేది జిల్లా దగ్గర. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. అందుకే ఆ ఊళ్లను విశాఖపట్నం, గంజాం పేర్ల కింద చూడాలి. కాకినాడ వైపు ఊళ్లయితే 1859కి ముందు రాజమండ్రి జిల్లా. ఓడ ఎక్కిన రేవు ‘మద్రాస్’ అని ఉన్నంతమాత్రాన మనిషిది మద్రాసు కాదు. ఊరి పేరును గుమాస్తా చెవికి వినపడినట్టు రాసుకున్నాడు కాబట్టి స్పెల్లింగ్ పట్టుకుని వేలాడకుండా పైకి చదివి చూడండి. అప్పన్నలు, అప్పలస్వాములు బోలెడుమంది ఉంటారు. తండ్రి పేరు కలవకపోతే మనవాడే అనుకోవద్దు.

రాజధాని పోర్ట్ లూయిస్‌లో కూలీలు ఓడ దిగిన రేవు, ఆప్రవాసీ ఘాట్ తప్పకుండా చూడాలి. రేవు నుంచి పైకి పదహారు నల్లరాతి మెట్లు. ఓడ దిగినవాళ్లు ఎక్కినవి అవే. వచ్చిన కూలీలను నమోదు చేసే డిపో ఇక్కడ మొదలైంది 1849లో. అంతకుముందు వచ్చినవాళ్లకు ఈ మెట్లను ముడిపెట్టకండి.

తీరానికి వస్తే, రిజిస్టర్‌లో తేలిన తోటకు దగ్గరి ఊరినే ఎంచుకోండి, రిసార్ట్‌ను కాదు. ఆగ్నేయాన మాయెబూర్‌లో సోమవారం సంత, ఈశాన్యాన పూద్ర్ దోర్ జాలరి పల్లె. రెండూ నిదానంగా తిరగదగ్గవి. దక్షిణాన గ్రి గ్రి దగ్గర పగడపు దిబ్బ అడ్డు లేదు. అల నేరుగా కొండరాతికి కొడుతుంది. అక్కడ నీళ్లలో దిగకూడదు. జూన్ నుంచి ఆగస్టు దాకా తూర్పు తీరంలో ఈదురుగాలి. జనవరి నుంచి మార్చి దాకా తుపానుల భయం.

ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. పండగ చూడాలంటే వెళ్లండి, రిజిస్టర్ల పనికి మాత్రం వేరే రోజులు పెట్టుకోండి.